మంచు మీద మాట: ఐజర్మన్ రెండో కొలువు

గత సంచికలో డెట్రాయిట్ ఐస్ హాకీ గురించి రాస్తూ, ‘స్టీవ్ ఐజర్మన్ ఆడిన తీరు కన్నా, ఆట మానేశాక కుర్చీలో కూర్చోవడం నేర్చుకున్న తీరే నాకు ఎక్కువ ఇష్టం’ అని ఒక వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయాను. ఐజర్మన్ అంటే ఒకప్పటి డెట్రాయిట్ జట్టు కెప్టెన్, ఆ తర్వాత జట్లను కూర్చే జనరల్ మేనేజర్. వచ్చిన ఉత్తరాలు చూశాక, ఆ వాక్యాన్ని అలా గాలికి వదిలేయడం నా తప్పేనని అర్థమైంది. అందుకని ఈసారి మిగతా ప్రశ్నలను పక్కన పెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను.

*

ప్రశ్న: కిందటేడు మా అల్లుడి ఇంటికి మిషిగన్ వెళ్లినప్పుడు ఈ మంచు హాకీ చూపించాడు. ఆట మధ్యలో పై గదిలో కూర్చున్న సూటు పెద్దమనిషిని టీవీలో మాటిమాటికీ చూపించారు. ఎవరని అడిగితే ‘జనరల్ మేనేజర్’ అన్నాడు మా అల్లుడు. కింద కోచ్ ఉండగా పైన ఆయనకు పని ఏమిటండీ?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మాస్టారూ, పెళ్లి వంట అనుకోండి. గాడిపొయ్యి దగ్గర నిలబడి గరిటె తిప్పేవాడు కోచ్. ఆ వంటవాణ్ణి మాట్లాడుకొచ్చినవాడు, సరుకులు తెచ్చినవాడు, పద్దు రాసుకునేవాడు జనరల్ మేనేజర్. పప్పులో ఉప్పు ఎక్కువైతే ముందు వంటవాణ్ణి తిడతారు. మూడు పెళ్లిళ్లలో అలాగే జరిగితే తెచ్చినవాణ్ణి తిడతారు.

ఎన్‌హెచ్‌ఎల్ అనే ఈ లీగ్‌లో అమెరికా, కెనడాలలో కలిపి ఇప్పుడు 32 జట్లు ఉన్నాయి. 2025–26 సీజను దాకా ఒక్కో జట్టుకు 82 లీగ్ ఆటలు. జట్టులో 23 మంది దాకా ఉంటారు. కింది స్థాయి జట్టులో ఆడేవాళ్లతో కలిపి 50 కాంట్రాక్టులకు మించకూడదు. 2005 నుంచి మొత్తం జీతాలకు ఒక పరిమితి వచ్చింది. మొదటి ఏడాది అది 39 మిలియన్ డాలర్లు, 2025–26 సీజనుకు 95.5 మిలియన్లు. యజమాని ఎంత శ్రీమంతుడైనా అంతకు మించి ఖర్చు పెట్టడానికి వీల్లేదు. ఒకడికి ఎక్కువ ఇస్తే ఇంకొకణ్ణి వదులుకోవాల్సిందే. ఏటా వేసవిలో పద్దెనిమిదేళ్ల పిల్లలను ఏడు విడతల్లో ఎంచుకునే ‘డ్రాఫ్ట్’ ఉంటుంది. అక్కడ కూర్చుని, మీసం కూడా సరిగ్గా రాని కుర్రాడు పాతికేళ్లకు ఎలా తయారవుతాడో చెప్పాలి. మీరు ఎనిమిదో తరగతి పిల్లవాణ్ణి చూసి వీడు కలెక్టరవుతాడని ఎన్నిసార్లు అనుకున్నారో, అందులో ఎన్నిసార్లు నిజమైందో గుర్తు చేసుకోండి. ఆయన పని అది.

*

ప్రశ్న: ఐజర్మన్ ఆటగాడిగా ఎంత గొప్పవాడో మాకు తెలుసు. కానీ 22 సీజన్లు స్కేట్లు కట్టుకున్నవాడికి కాంట్రాక్టులు, లెక్కలు ఎవరు నేర్పారు? దీనికి ఏదైనా కోర్సు ఉందా? పేరు చూసి కుర్చీ ఇచ్చేస్తారా?
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కాంటన్, మిషిగన్

జవాబు: పేరు చూసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. వేన్ గ్రెట్జ్‌కీ కన్నా పెద్ద పేరు ఈ ఆటలో లేదు. 2005 నుంచి నాలుగు సీజన్లు ఫీనిక్స్ జట్టుకు కోచ్‌గా ఉంటే ఒక్కసారి కూడా ఆ జట్టు, లీగ్ ఆటల తర్వాత కప్పు కోసం జరిగే ప్లేఆఫ్‌కు చేరలేదు. తనకు కంటికి కనబడేది పక్కవాడికి ఎందుకు కనబడదో పుట్టు మేధావికి ఒక పట్టాన అర్థం కాదు.

ఐజర్మన్‌ది వేరే దారి. ఆ దారి నా ఉద్దేశంలో అతను ఆట మానేసిన 2006లో మొదలు కాలేదు, 1993లోనే మొదలైంది. అప్పటికి అతను డెట్రాయిట్ రెడ్ వింగ్స్ కెప్టెన్ అయి ఏడేళ్లు. 21 ఏళ్లకే కెప్టెన్ చేశారు. 1988–89లో 65 గోల్స్, 90 అసిస్టులు (ఇంకొకరి గోల్‌కు అందించిన పాసులు), మొత్తం 155 పాయింట్లు. లీగ్ విజేతకు ఇచ్చే స్టాన్లీ కప్పు మాత్రం లేదు. అప్పుడు స్కాటీ బౌమన్ కోచ్‌గా వచ్చి, ‘నువ్వు గోల్స్ తగ్గించుకుని వెనక్కి వచ్చి కాపలా కాస్తేనే ఈ జట్టు గెలుస్తుంది’ అన్న అర్థం వచ్చేలా అతణ్ణి ఆడించాడు. 1995లో అతణ్ణి ఒటావా జట్టుకు ఇచ్చేస్తారని గట్టి ప్రచారం కూడా జరిగింది. అది అతను పెరిగిన ఊరి పక్క జట్టే. అయినా అతనికి డెట్రాయిట్ వదలడం ఇష్టం లేదు.

నేను అప్పటికి ఈ ఊరికి కొత్త. మా కర్మాగారంలో పని చేసే ఒక నల్లజాతి పెద్దాయన టికెట్టు మిగిలిందని నన్ను నది ఒడ్డున ఉన్న జో లూయిస్ అరీనాకు తీసుకుపోయాడు. నిటారైన ఆ మెట్లు ఎక్కేసరికే నాకు ఆయాసం వచ్చింది. బంతికి బదులు వాడే రబ్బరు బిళ్ల, పక్, ఎటు పోతోందో నా కళ్లకు ఆనలేదు. అందుకని ‘ఆ పందొమ్మిదో నంబరువాణ్ణి ఒక్కణ్ణే చూస్తూ కూర్చో’ అన్నాడు ఆయన. చూశాను. పక్ ఉన్న చోట అతను లేడు, పక్ రాబోయే చోట నిలబడి ఉన్నాడు. సగం సార్లు అది రానే లేదు. అయినా మళ్లీ వెళ్లి నిలబడ్డాడు.

అలా ఆడాక 1997, 1998, 2002లలో కప్పులు వచ్చాయి. 1998లో ప్లేఆఫ్ ఉత్తమ ఆటగాడు అతనే. ఆ ఏడాది లీగ్ దశలో అతని పాయింట్లు 69, వెనకటి 155లో సగం కూడా కాదు. తన లెక్క తగ్గితే జట్టు లెక్క పెరుగుతుందని ఒళ్లు హూనం చేసుకుని తెలుసుకున్నాడు. కుర్చీకి కావలసిన మొదటి పాఠం అదే.

2006 జులైలో రిటైరయ్యాడు. 1,514 ఆటలు, 692 గోల్స్. సెప్టెంబరులో డెట్రాయిట్ యజమానులు ఉపాధ్యక్షుడి హోదా ఇచ్చారు. ఇలాంటి హోదాలు మనకూ తెలుసు, దండ వేసి ఫొటో తీసి పక్కన కూర్చోబెట్టడానికి పనికొస్తాయి. ఇతను మాత్రం నిజంగానే అప్రెంటిస్‌గా కూర్చున్నాడు. నేర్పినవాళ్లు ముగ్గురు. ఒకరు జిమ్ డెవెలానో, 1983 డ్రాఫ్ట్‌లో ఐజర్మన్‌ను నాలుగో పిలుపులో తీసుకున్న మనిషి. ఆ రోజు ఆయన మనసు నిజానికి పాట్ లాఫాంటేన్ అనే స్థానిక కుర్రాడి మీద ఉంది. అతణ్ణి ముందు వరసలో ఉన్న జట్టు తన్నుకుపోయింది! గొప్ప ఎంపికలన్నీ దూరదృష్టితో జరిగాయని చెప్పేవాళ్లను నమ్మకండి. రెండో ఆయన జిమ్ నిల్, కింది స్థాయి ఆటగాళ్లను వెతకడంలో సిద్ధహస్తుడు.

మూడో ఆయన అప్పటి జనరల్ మేనేజర్ కెన్ హాలండ్. గోల్‌కీపర్‌గా ఆయన ఈ లీగ్‌లో ఆడినవి నాలుగే ఆటలు. ఆట ముగిశాక వాక్యూమ్ క్లీనర్లు అమ్ముకుందామా అన్న ఆలోచన దాకా వెళ్లాడట. ఆ తర్వాత డెవెలానో, కుర్రాళ్లను వెతికే స్కౌట్ ఉద్యోగం ఇస్తే పశ్చిమ కెనడా ఊళ్లన్నీ తిరిగాడు. ఇప్పుడు చూడండి, 1,514 ఆటలు ఆడినవాడు నాలుగు ఆటలు ఆడినవాడి దగ్గర పాఠానికి కూర్చున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చే దృశ్యం ఇది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నేను అచ్చులు చేసే విభాగంలో పనిమంతుణ్ణని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరు చూసే నన్ను మేనేజర్ను చేశారు. మొదటి ఏడాదంతా నేను చేసింది ఏమిటంటే, ఎవరు అచ్చు సరిగ్గా రుద్దకపోయినా వాళ్ల చేతిలోని ఆకురాయి లాక్కుని నేనే రుద్దడం. ఏడాది చివరకు నా చేతులు నల్లగా, నా కాగితాలు తెల్లగా ఉండేవి. ఇద్దరు మంచి కుర్రాళ్లు మానేసి వెళ్లిపోయారు. చివరకు వయసులో పెద్దవాడైన ఫోర్‌మన్ ఒకాయన నా చేతిలోంచి ఆకురాయి తీసేసుకుని సొరుగులో పెట్టి తాళం వేశాడు. ఆ తాళం చెవి ఇప్పటికీ నా దగ్గరే ఉంది. రిటైరైన రోజున ఆయనే ఇచ్చాడు. అందుకే, తనకు పని బాగా వచ్చు అన్న సంగతిని దాచుకుని నాలుగేళ్లు వినడం ఎంత కష్టమో నాకు తెలుసు.

వినడంతో పాటు చేతికి పని కూడా ఇచ్చారు. 2007లో మాస్కోలో జరిగిన ప్రపంచ పోటీలకు కెనడా జట్టును కూర్చే బాధ్యత అతనిది. స్వర్ణం వచ్చింది. 2008లో మళ్లీ అదే పని, ఫైనల్‌లో రష్యా చేతిలో ఓటమి. ఆ తర్వాత 2010 వాంకూవర్ ఒలింపిక్స్. సొంత గడ్డ మీద స్వర్ణం తప్ప ఇంకేది తెచ్చినా ఓటమిగానే లెక్క. అక్కడ అతనికి సలహాదారుల్లో ఒకరు ఎవరనుకున్నారు? కెన్ హాలండ్! డెట్రాయిట్‌లో పై అధికారి, కెనడా జట్టు గదిలో సహాయకుడు. ఫిబ్రవరి 28న సిడ్నీ క్రాస్బీ అదనపు సమయంలో గోల్ కొట్టి అమెరికాను 3–2తో ఓడించాడు. మే నెలలో టాంపా బే లైట్నింగ్ జట్టు ఐజర్మన్‌ను జనరల్ మేనేజర్‌గా పిలిచింది. అంటే కోర్సు నాలుగేళ్లు, ఫీజు లేదు, పట్టా లేదు.

*

ప్రశ్న: మీరు అతణ్ణి మోసేస్తున్నారు. 2014 ఒలింపిక్స్‌కు కెనడా జట్టును కూర్చేటప్పుడు తన సొంత టాంపా జట్టు కెప్టెన్ మార్టిన్ సెయింట్ లూయిస్‌ను వదిలేసిన మనిషి అతను. ముందు ఏడాది లీగ్‌లో అత్యధిక పాయింట్లు తెచ్చినవాణ్ణి! ఇంట్లో వాడికే అన్నం పెట్టనివాడు ఏమి పెద్దరికం చేసినట్టు?
– టాంపా జట్టు అభిమాని, ఫ్లోరిడా

జవాబు: మీ కోపంలో న్యాయం ఉంది. 38 ఏళ్ల వయసు, అయిదడుగుల ఎనిమిదంగుళాల మనిషి, ఎవరూ డ్రాఫ్ట్‌లో తీసుకోకపోయినా పైకి వచ్చినవాడు. 2010లో కూడా అతణ్ణి పక్కన పెట్టింది ఐజర్మనే. అప్పటికి ఇద్దరూ వేర్వేరు జట్లవాళ్లు. 2014 జనవరిలో జాబితా చదివేటప్పటికి మాత్రం రోజూ ఒకే భవనంలో పని చేస్తున్నారు. ఉదయం ‘నమస్తే కెప్టెన్’ అని పలకరించిన మనిషి పేరును జాబితాలో రాయకపోవడం ఎలా ఉంటుందో ఊహించండి.

ఇంకో సంగతి కూడా చెబుతాను, మీ కోపం పెరుగుతుందో తగ్గుతుందో మీ ఇష్టం. కెనడా కప్ అనే దేశాల పోటీకి వెళ్లిన 1987, 1991 కెనడా జట్లలో ఐజర్మన్‌కే చోటు దక్కలేదు. అంతకు ముందు ఏళ్లలో ఆ ఆట ఎలా ఆడేవాడో తెలుసు కదా. వద్దనిపించుకుంటే ఎలా ఉంటుందో, అమ్మేస్తారని పత్రికల్లో చదువుకుంటే ఎలా ఉంటుందో తెలిసినవాడే ఇంకొకరికి అదే చేశాడు.

నేను ఆ ఎంపికను సమర్థించను. చివరకు కాలం కూడా అతణ్ణి కొంచెం వెక్కిరించింది. స్టీవెన్ స్టామ్‌కోస్ కాలు విరిగి కోలుకోకపోవడంతో ఫిబ్రవరిలో సెయింట్ లూయిస్‌నే పిలవాల్సి వచ్చింది. సోచీలో ఫైనల్‌లో స్వీడన్‌ను 3–0తో ఓడించి కెనడా స్వర్ణం గెలిచింది, ఇద్దరికీ ఆ గెలుపులో వాటా ఉంది. అయినా విరిగిన మనసు అతకలేదు. తనను న్యూయార్క్ రేంజర్స్‌కు పంపమని కెప్టెన్ పట్టుబట్టాడు. అతని కాంట్రాక్టులో, తన అనుమతి లేకుండా ఎక్కడికీ పంపకూడదన్న షరతు ఉంది. అంటే బేరం ఒక్క జట్టుతోనే, అదీ అవతలివాళ్లకు మన అవసరం తెలిసిపోయాక. మన సంతలో ఎద్దును అమ్మేవాడు, కొనేవాడు ఒక్కడే ఉన్నాడని తెలిస్తే ముఖం ఎలా పెడతాడు? మార్చి 5న కెప్టెన్‌ను ఇచ్చి, అవతలి జట్టు కెప్టెన్ రయాన్ కాలహాన్‌ను, దానిపైన డ్రాఫ్ట్ హక్కులను తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది అదే రేంజర్స్‌ను, సెయింట్ లూయిస్ ఉన్న జట్టునే, ఏడో ఆటలో వాళ్ల ఊరిలోనే ఓడించి టాంపా ఫైనల్‌కు వెళ్లింది.

అంతకు ముందు 2013లో ఇంకో పని చేశాడు. విన్సెంట్ లెకావలియే అనే ఆటగాడు టాంపాకు దేవుడు. అతని కాంట్రాక్టు 11 ఏళ్లకు 85 మిలియన్ డాలర్లు, ఐజర్మన్ రాకముందే పాతవాళ్లు రాసిచ్చింది. దాన్ని డబ్బిచ్చి రద్దు చేసుకున్నాడు. ఆటగాడిగా ఉన్నంతకాలం బల్లకు అవతలి వైపు కూర్చున్న మనిషి ఆ సంతకం ఏ చేత్తో పెట్టాడో నేను ఊహించలేను. అతను మాట్లాడేదే తక్కువ, ఇలాంటి వాటి గురించి ఇంకా తక్కువ.

మీరు తప్పు ఎంపికకు అతణ్ణి తిట్టండి, నేనూ తోడొస్తాను. కానీ మనసు లేనివాడని అనకండి.

*

ప్రశ్న: ఈ కుర్చీల్లో ఆడవాళ్లు ఎవరైనా ఉన్నారా అంకుల్?
– ఇంటర్ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: పక్క కుర్చీల దాకా వచ్చారు అమ్మా. కెనడా మహిళల జట్టు తార హేలీ వికెన్‌హైజర్ ఆట ముగిశాక వైద్యం చదివి డాక్టరైంది. 2022లో టొరంటో మేపుల్ లీఫ్స్‌లో సహాయ జనరల్ మేనేజర్ కూడా అయింది. అదే ఏడాది వాంకూవర్ జట్టు ఇద్దరిని తీసుకుంది. ఒకరు అమెరికా మాజీ కెప్టెన్ కామీ గ్రనాటో, ఇంకొకరు అంతకు ముందు ఆటగాళ్ల ఏజెంటుగా పనిచేసిన ఎమిలీ కాస్టాంగే. ఏజెంటుగా ఉన్నవాళ్లకు బేరంలో అవతలివాడు ఎక్కడ అబద్ధం ఆడతాడో ముందే తెలుస్తుంది. అది చిన్న అర్హత కాదు.

*

ప్రశ్న: టాంపా పాత కథ. 2019లో మా డెట్రాయిట్‌కు తిరిగి వచ్చాడు. ఎన్నేళ్లు ఓపిక పట్టాలి? ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. ఈయన రచ్చ గెలిచి ఇంటికొచ్చి కూర్చున్నాడు.
– ఇరవయ్యేళ్లుగా టికెట్లు కొంటున్న తెలుగువాడు, ట్రాయ్, మిషిగన్

జవాబు: మీ వరసలోనే నాలుగు సీట్ల అవతల నేనూ ఉన్నాను, అరవను అంతే.

అతను వచ్చిన మొదటి సీజన్‌లో మనం 71 ఆటల్లో 17 గెలిచాం. అడుగున ఉన్నందుకు మొదటి డ్రాఫ్ట్ పిలుపు దక్కుతుందనుకుంటే, చీటీలు మనల్ని నాలుగో స్థానానికి తోశాయి. 2024లో లీగ్ పట్టికలో వాషింగ్టన్‌తో సమానంగా 91 పాయింట్లు తెచ్చుకుని, నిర్ణీత సమయంలో గెలిచిన ఆటలు తక్కువైనందుకు ప్లేఆఫ్ పోగొట్టుకున్నాం. ఆ రాత్రి మా ఇంట్లో పెరుగన్నం కూడా దిగలేదు. 2016 వసంతం తర్వాత 2025 దాకా మన ఊరు ప్లేఆఫ్ చూడలేదు. అంతకు ముందు వరసగా పాతికేళ్లు చూసిన ఊరు.

అతని పక్షాన చెప్పాల్సింది ఉంది. ఈ పనిలో విత్తినవాడు పంట దగ్గర ఉండకపోవచ్చు. టాంపాలో నికితా కుచెరోవ్‌ను 58వ పిలుపులో, బ్రేడెన్ పాయింట్‌ను 79వ పిలుపులో, ఓండ్రే పలాట్‌ను ఏకంగా 208వ పిలుపులో తీసుకున్నాడు. ఎత్తు, బరువు చూసి మిగతా జట్లు వదిలేసిన పిల్లలను అతను తెచ్చిన స్కౌట్ల పెద్ద ఆల్ ముర్రే వదల్లేదు. జాన్ కూపర్‌ను కింది స్థాయి జట్టు నుంచి తెచ్చి కోచ్‌ను చేశాడు. 2018 సెప్టెంబరులో కుర్చీని తన సహాయకుడు జూలియన్ బ్రిజ్‌బ్వా చేతిలో పెట్టి వచ్చేశాడు. ఇల్లు డెట్రాయిట్‌లో, ఉద్యోగం టాంపాలో అన్నట్టు ఎనిమిదేళ్లు తిరిగాడు మరి. 2020, 2021లలో టాంపా కప్పు గెలిచింది. అతను అప్పుడు ఇక్కడ, అడుగున ఉన్న మన జట్టుతో.

మీ పక్షాన చెప్పాల్సింది కూడా ఉంది. టాంపాకు వెళ్లినప్పుడు అక్కడ స్టామ్‌కోస్, విక్టర్ హెడ్‌మన్ అప్పటికే ఉన్నారు. పునాది వేసి ఉన్న ఇంటికి గోడలు లేపడం వేరు, బురదలో పునాది తవ్వడం వేరు. మొదటిది వచ్చినవాడికి రెండోది వచ్చి తీరాలని లేదు. 2019లో అందరూ ముక్కున వేలేసుకున్నా మోరిట్జ్ సైడర్‌ను ఆరో పిలుపులో తీసుకున్నది అతనే, ఆ కుర్రాడు 2022లో ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. కానీ వయసు మళ్లినవాళ్లను డబ్బు పోసి తెచ్చుకున్న కొన్ని వేసవులు నాకూ మింగుడు పడలేదు. ఆటగాడిగా ఉన్నప్పుడు ఇవాళ తప్పు చేస్తే రేపు రాత్రి గోల్ కొట్టి సరిదిద్దుకోవచ్చు. ఇక్కడ ఇవాళ్టి తప్పు నాలుగేళ్ల తర్వాత బయటపడుతుంది. అతని ఓపికను నేను మెచ్చుకుంటాను. దాన్ని సాకుగా వాడుకుంటే మాత్రం మీతో పాటు నేనూ అరుస్తాను.

*

ప్రశ్న: నేను గడ్డి మీద, టర్ఫ్ మీద మన హాకీ ఆడినవాణ్ణి. మోకాళ్లు పోయాయి, వయసు 34. మన దగ్గర ఫ్రాంచైజీ లీగ్ మళ్లీ మొదలైంది, హైదరాబాద్ పేరుతో జట్టు కూడా ఉంది. ఆట మానేసినవాడికి కోచింగ్ తప్ప ఇంకో దారి ఉందని మీ వాక్యం చదివాకే తోచింది. ఎక్కడ మొదలు పెట్టాలి?
– మాజీ రైల్వే ఆటగాడు, సికింద్రాబాద్

జవాబు: బాబూ, మన హాకీలో ఆటగాళ్లు పెద్ద కుర్చీల దాకా రావడం ఇప్పుడిప్పుడే చూస్తున్నాం. భారత మాజీ కెప్టెన్ దిలీప్ తిర్కీ 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. మన లీగ్‌లో జట్లను కూర్చే పద్ధతి వేరు, అక్కడ వేలం పాట ఉంటుంది. కాబట్టి ఐజర్మన్ చేసిందంతా మీకు పనికిరాదు. హాలండ్ చేసింది పనికొస్తుంది.

పేరున్న పోటీలకు వెళ్లకండి, అక్కడ అందరి కళ్లూ ఉంటాయి. స్కూలు పిల్లల ఆటలకు, జిల్లా ఎంపికలకు వెళ్లండి. మొదటి పావుగంట బంతిని చూడకండి. మీరు మిడ్‌ఫీల్డర్ అయితే మిడ్‌ఫీల్డర్లను అసలే చూడకండి, వాళ్లలో మిమ్మల్ని మీరు వెతుక్కుంటారు. బంతి దగ్గర లేని పిల్లవాడు ఏమి చేస్తున్నాడో చూడండి. వాడి పక్కవాడు తప్పు చేసినప్పుడు వాడి ముఖం చూడండి. తర్వాత వాళ్ల కోచ్‌తో కాదు, మైదానం గీతలు గీసే మనిషితో మాట్లాడండి, ఎవరు ముందు వస్తారో, ఎవరు చివరకు పోతారో ఆయనకే తెలుస్తుంది. ఈలోగా కాంట్రాక్టు చట్టం, పద్దులు నేర్పే ఏదైనా సాయంత్రపు కోర్సులో చేరండి. అది విసుగ్గా ఉంటుంది, కానీ బేరానికి కూర్చున్న రోజున మీ ఎదుటివాడు మీరు కొట్టిన గోల్స్ అడగడు.

ఒక నోటుపుస్తకం కొనండి. ఇవాళ చూసిన పిల్లవాడు మూడేళ్ల తర్వాత ఎక్కడ ఉంటాడో తేదీ వేసి రాయండి. పేరు వద్దు, ఊరు, చొక్కా నంబరు చాలు. మూడేళ్లకు తెరిచి చూసుకుని, ఎన్ని తప్పాయో నాకు ఉత్తరం రాయండి. నేను ఇంకా ఈ శీర్షిక రాస్తూ ఉంటే వేస్తాను.